గోలెంలో తుంగ

ఎంగిలిపూల బతుకమ్మ నాడు గునుగు కోయడానికి చేనుగట్టు ఎక్కితే నెత్తిమీద తూనీగల గుంపు తిరుగుతుండేది. పసుపు మీద గోధుమ కలిసిన రంగు. ఎంతసేపు చూసినా ఒక్కటీ వాలేది కాదు. పూల తేనె కోసం వచ్చాయని చిన్నప్పుడు అనుకునేదాన్ని. తూనీగ తేనె ముట్టదని తెలిసింది చాలా తర్వాత. గునుగు మీదికీ తంగేడు మీదికీ చేరే సన్న ఈగలు, దోమలు, రెక్కల పురుగులే దాని తిండి.

అందుకే "తూనీగలు రావాలంటే ఏ పూలమొక్క పెట్టాలి?" అని అడిగినవాళ్లను ముందు మీ ఇంట్లో నీళ్లెక్కడున్నాయని అడుగుతాను. తూనీగ గుడ్లు పెట్టేది నీళ్లలో, లేదంటే నీటి మొక్క కాడలో. పిల్ల పెరిగేదీ నీళ్లలోనే. రెక్కలొచ్చాక బతికేది కొన్ని వారాలు. పూలమొక్క దానికి అంగడి, నీటి మొక్క ఇల్లు.

మానకొండూరు వైపు మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో ఈ రెండూ ఉండేవి. బోళ్లు తోమిన నీళ్లు పారే కాడ చామగడ్డ, మెట్ట తామర, రెండు అరటి చెట్లు. బాయి పక్కన నీళ్లు పట్టే రాతి గోలెం, దాని లోపల నాచు. దడికి పాకిన గుమ్మడి తీగ, ఓ మూలన బతుకమ్మ కోసం బంతి, సీతజడ. వాడిన నీళ్లు ఉత్తగా పోవద్దని, పండుగకు పూలు కొనొద్దని వేసుకున్న మొక్కలవి. దడి కట్టె మీద ఎప్పుడు చూసినా ఓ ఎర్ర తూనీగ కూర్చుని ఉండేది. "నీళ్లున్న ఇల్లు దానికెరుక బిడ్డా" అనేది అమ్మమ్మ.

ఎరుకే. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు ఎక్కువగా ఒకే తలంలో ఊగుతుంది. ధ్రువిత కాంతి అంటారు దాన్ని. మన కంటికి ఆ తేడా తెలియదు, తూనీగ కంటికి తెలుస్తుంది. ఆ కన్నే దాన్ని మోసం కూడా చేస్తుంది. హంగరీలోని ఒక శ్మశానంలో నునుపు చేసిన నల్లరాతి సమాధుల దగ్గర తూనీగలు చెరువు గట్టున ఉన్నట్టే తిరుగుతున్నాయని 2007లో పరిశోధకులు రాశారు. కరీంనగర్ గ్రానైట్ పుట్టిల్లు. ఇప్పుడు మన వాకిళ్లలో మట్టి పోయి ఆ రాయే వచ్చింది. నిగనిగలాడే కారు బానెట్‌కు తోక కొస తాకిస్తున్న తూనీగను చూస్తే నాకు కడుపులో కలుక్కుమంటుంది. అక్కడ పెట్టిన గుడ్డు ఎండకు మాడిపోవలసిందే.

దానికి నిజమైన నీళ్లు చూపడానికి పెద్ద తోటేం అక్కర్లేదు. రెండున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర లోతున్న సిమెంటు గోలెం చాలు. సగం పూటైనా ఎండ తగలాలి. చెట్టు కింద పెడితే ఆకులు రాలి కుళ్లి నీళ్లు చెడతాయి. అడుగున నాలుగు వేళ్ల మందం చెరువు మట్టి పొయ్యాలి. ఎరువు కలిపిన కుండీ మట్టి వేస్తే నీళ్లు పచ్చబడి చిక్కబడతాయి. ఒక పక్కన ఇటుకలు పేర్చి లోతు తగ్గించి అక్కడ తుంగ నాటాలి. జమ్ము అందంగానే ఉంటుంది గానీ గోలేన్నంతా వేళ్లతో నింపేస్తుంది, దాన్ని చెరువుకే వదిలెయ్యండి. నీళ్ల లోపల నాచు తీగ, పైన ఒకే ఒక్క కలువ. సూదిలాంటి సన్న తూనీగలు మెత్తని కాడను చీల్చి అందులో గుడ్లు పెడతాయి కాబట్టి ఈ కాడలు ఉండి తీరాలి. నీటి మీద సగం జాగా మాత్రం ఖాళీగా ఉంచాలి, పైనుంచి పోయే తూనీగకు మెరుపు కనిపించేది అక్కడే. గుర్రపుడెక్కనైతే ఇంటికి తేనేవద్దు. అది పరుచుకున్న చెరువు తూనీగకు మూసిన తలుపు.

తుంగే ఎందుకంటే, ఆ కాడ తూనీగ పిల్లకు నిచ్చెన. నీళ్లలో ఉన్నన్నాళ్లూ అది మట్టిరంగులో, రెక్కల్లేకుండా, చూడ్డానికి ఏమంత బాగుండదు. కింది పెదవి మడిచిన చెయ్యిలా ఉంటుంది, దాన్ని రెప్పపాటులో ముందుకు చాచి దోమ పిల్లను పట్టేస్తుంది. ఒక రాత్రి తుంగ కాడ పట్టుకుని నీళ్ల పైకి ఎక్కుతుంది. వీపు మీద చర్మం పగులుతుంది. అందులోంచి తల, కాళ్లు, నలిగిన తడిగుడ్డలాంటి రెక్కలు వస్తాయి. టార్చిలైటు కొంగుతో కప్పి రెండు గంటలు చూశాను. రెక్కలు మెల్లగా విచ్చుకుని, పాలరంగు పోయి, అద్దంలా తేటబడ్డాయి. తెల్లారాక ఎగిరిపోయింది. కాడ మీద ఖాళీ కుబుసం మిగిలింది, కాలి గోళ్లతో సహా.

దోమల సంగతి చెప్పకుండా ఉండలేను. నిలవ నీళ్లు వారానికోసారి పారబోయమని మున్సిపాలిటీ వాళ్లు చెప్పేది నిజంగా మంచి మాట. డ్రమ్ములు, కూలర్లు, టైర్లు ఖాళీ చెయ్యాల్సిందే. దోమ వారం పది రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా వస్తుంది, తూనీగకు నెల దాటుతుంది. కాబట్టి కొత్త గోలేన్ని ఉత్త నల్లా నీళ్లతో మొదలుపెట్టకండి. చెరువు అంచు నుంచి నాచుతో సహా ఒక బకెట్ నీళ్లు తెచ్చి కలిపితే తూనీగ పిల్లలు, నీటి పురుగులు వాటితోపాటే వస్తాయి. మొదట్లో కొన్ని వారాలు రోజూ పొద్దున చాయ్ జాలితో దోమ పిల్లల్ని తీసెయ్యాలి. ఆ ఓపిక లేనివాళ్లు గోలెం పెట్టుకోవద్దు, చామగడ్డ, బంతి వేసుకుంటే చాలు. గప్పీ, గంబూసియా చేపలు వేస్తే దోమ పిల్లలతోపాటు తూనీగ పిల్లల్నీ తింటాయి.

గోలెం పక్కన రెండు మూడు ఎండు కట్టెలు నిలువుగా పాతండి. వేటకు కాపు కాసేది వాటి మీదే. కడెం కాలువ గట్టున ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చూశాను, కట్టె కొసన కూర్చున్న తూనీగ తోకను నిలువునా సూర్యుడి వైపు ఎత్తి పెట్టింది. ఒంటి మీద పడే ఎండ తగ్గించుకునే ఉపాయమది. ఆ ఎండలో ఆ చిన్న ప్రాణం పడే పాట్లు చూశాక, వాడిపోయిన కొమ్మలన్నీ కత్తిరించి తోట శుభ్రం చేసే అలవాటు మానుకున్నాను.

గునుగు సంగతి ఇంకా బాధ. పత్తి చేలల్లో కలుపు మందు కొట్టాక గట్ల మీద కూడా అది నిలవడం లేదు, బతుకమ్మకు గునుగు కట్టలు బజారులో కొంటున్నాం. తూనీగ గతీ అంతే. వరిలో దాన్ని మిత్రపురుగు అంటారు. మొగిపురుగు రెక్కల పురుగులనూ దోమలనూ గాల్లోనే పట్టి తింటుంది. పురుగుమందు కొట్టినప్పుడు దాన్నీ చంపుకుంటున్నాం. పెరట్లో బెత్తెడు జాగాలో పిడికెడు గునుగు గింజలు చల్లండి. వానలకు మొలిచి బతుకమ్మ నాటికి తెల్లగా, గులాబీగా కంకులు పోస్తుంది. దాని మీద ఈగలు, ఈగల మీద తూనీగలు.

గునుగు చేల మీద వాలకుండా తిరిగే ఆ పసుపు తూనీగలు వాన గుంటల్లో రెండు నెలల లోపే పెరిగి వానల వెంట పోతాయి. ఏటా అక్టోబరులో మాల్దీవుల్లో దిగే తూనీగలు భారతదేశం నుంచి బయలుదేరి హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త రాశారు. సద్దుల బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద మన తలల పైనుంచి పోయేవాటిలో ఆ సముద్రం దాటబోయేవీ ఉండవచ్చు.

మొన్న పొద్దున గోలెంలో తుంగ కాడల మీద ఏడు కుబుసాలు లెక్కపెట్టాను. ఎనిమిదో కాడ మీద ఒకటి ఇంకా రెక్కలు ఆరబెట్టుకుంటోంది. దాని నీడ పడకుండా పక్కకు జరిగి కూర్చున్నాను.