పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, భూమి మీద వడిసెల

2012 చివర్లో 34 వేల మందికి పైగా జనం వైట్‌హౌస్‌కు ఒక అర్జీ పెట్టుకున్నారు. 2016 నాటికల్లా ‘స్టార్ వార్స్’ సినిమాలో గ్రహాలను పేల్చే గోళం, డెత్ స్టార్ నిర్మాణం మొదలుపెట్టండి అన్నది కోరిక. 2013 జనవరిలో బదులు కూడా వచ్చింది. సైన్స్, అంతరిక్ష బడ్జెట్లు చూసే పాల్ షాక్రాస్ అనే అధికారి మూడు అభ్యంతరాలు చెప్పాడు. ఖర్చు 8,500 కోట్ల కోట్ల డాలర్లు అవుతుంది. గ్రహాలను పేల్చేయడం మా ప్రభుత్వ విధానం కాదు. పైగా ఒక్క మనిషి నడిపే చిన్న నౌక దెబ్బకు కూలిపోయే దాని మీద పన్నుల సొమ్ము ఎందుకు తగలేయాలి?

చమత్కారమైన జవాబే. కానీ ఖర్చును ముందు పెట్టడం నాకు నచ్చలేదు. డెత్ స్టార్‌కున్న చిక్కుల్లో డబ్బు అతి చిన్నది. అది తేలాలంటే ఆ లోహగోళం పక్కన ఇంకో కాల్పనిక ఆయుధాన్ని నిలబెట్టి చూడాలి. రాబర్ట్ హైన్‌లైన్ 1966లో పుస్తకంగా తెచ్చిన ‘ద మూన్ ఈజ్ ఎ హార్ష్ మిస్ట్రెస్’ నవలలో చంద్రుడి మీది జనం భూమి మీదకు రాళ్లు విసురుతారు. పదకొండేళ్ల తర్వాత, 1977 మేలో, జార్జ్ లూకస్ ‘స్టార్ వార్స్’ విడుదలైంది. ఒకటి బ్రహ్మాస్త్రం, ఇంకొకటి వడిసెల. జనం మనసులో ముద్ర పడింది మొదటిదే. కట్టగలిగింది మాత్రం రెండోదే.

ముందు గోళం సంగతి. ఖర్చు లెక్క వేసింది లీహై విశ్వవిద్యాలయం విద్యార్థులు. వ్యాసం 140 కిలోమీటర్లు అనుకుని, లోపలి ఉక్కు సాంద్రతను విమానవాహక నౌకతో పోల్చి, 10 కోట్ల కోట్ల టన్నుల ఉక్కు కావాలని తేల్చారు. అప్పటి ప్రపంచ ఉత్పత్తితో అంత ఉక్కు పోగవడానికి 8 లక్షల 33 వేల ఏళ్లు పడుతుంది. విద్యార్థులు అక్కడితో ఆగారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది.

సినిమాలో ఆల్డరాన్ గ్రహం కంటి రెప్పపాటులో ముక్కలవుతుంది. భూమి అంత గ్రహాన్ని, దాని ముక్కలు మళ్లీ ఒకచోట చేరకుండా చెదరగొట్టాలంటే, దాన్ని పట్టి ఉంచిన గురుత్వ బంధాన్ని మొత్తం తెంపాలి. అందుకు కావలసిన శక్తి సూర్యుడు దాదాపు వారం రోజుల పాటు నలుదిక్కులా వెదజల్లేంత. పదార్థాన్ని పూర్తిగా శక్తిగా మార్చే యంత్రం చేతిలో ఉందనుకున్నా, దానికి 2.5 లక్షల కోట్ల టన్నుల పదార్థాన్ని మేపాలి. పోనీ, మేపారనే అనుకుందాం.

ఇక్కడ ఇంజనీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ శక్తిలో ఎంత భాగం బయటికి పోకుండా లోపలే వేడిగా మిగులుతుంది? మనం తయారుచేసిన ఏ లేజరూ తీసుకున్న శక్తినంతా కాంతిగా ఇవ్వదు. లూకస్ ఇంజనీర్లు దేవతలని ఒప్పుకుని, పది లక్షల వంతుల్లో ఒక్క వంతే వృథా అయిందనుకుందాం. ఆ ఒక్క వంతు వేడి చాలు, డెత్ స్టార్‌లోని ఉక్కునంతా కరిగించి, మరిగించి, ఆవిరి చేయడానికి. ఒక్కసారి కాదు, సుమారు ముప్పైసార్లకు సరిపడా. ఆ ఆయుధం గురిపెట్టిన గ్రహంతో పాటు తానూ పోతుంది. సినిమాలోని తిరుగుబాటుదారులు దాన్ని కూల్చడానికి అన్ని కష్టాలు పడి అక్కడిదాకా రావలసిన పనే లేదు.

ఇంకో తిరకాసు, కాంతికీ ద్రవ్యవేగం ఉంటుంది. తుపాకీ పేలిస్తే భుజం మీద తన్నినట్టే, అంత కాంతిని ముందుకు చిమ్మిన గోళం వెనక్కి తోసుకుపోవాలి. విద్యార్థులు చెప్పిన బరువుతోనే లెక్క వేస్తే ఆ వేగం సెకనుకు దాదాపు 700 కిలోమీటర్లు. సూర్యుడున్న చోటు నుంచి పాలపుంతను దాటి శాశ్వతంగా బయటపడటానికి 550 చాలు. తెర మీద మాత్రం పేల్చిన తర్వాత ఆ గోళం అధిపతి టార్కిన్ నిలబడ్డ చోటు నుంచి అంగుళం కదలడు.

ఇదంతా లూకస్‌ను తప్పు పట్టడానికి కాదు. ఆయన ఆ గోళాన్ని లెక్కకు నిలవాలని తయారుచేయలేదు, చూసినవాడి గుండె జారాలని చేశాడు. 1980లో వాయేజర్ 1 పంపిన ఫొటోల్లో శని ఉపగ్రహం మీమస్ పెద్ద గుంటతో అచ్చం డెత్ స్టార్‌లా కనిపించింది. సినిమా వచ్చిన మూడేళ్లకు ప్రకృతి దాన్ని అనుకరించినట్టయింది.

హైన్‌లైన్ దగ్గరికొస్తే వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. ఆయన చంద్రుడు ఖైదీలను తరిమేసిన ప్రవాస భూమి. అక్కడ సొరంగాల్లో గోధుమ పండించి, పొడవైన విద్యుదయస్కాంత పట్టా మీద వేగం ఎక్కించి భూమికి విసురుతుంటారు. ఆ ధాన్యం తినేవాళ్లలో ఇండియా జనం ముఖ్యులు. నవల వచ్చిన ఏళ్లలోనే కరువు దెబ్బకు మన రేవుల్లో అమెరికా పంపిన పీఎల్ 480 గోధుమల ఓడలు బారులు తీరాయని గుర్తున్న తెలుగు పాఠకుడికి ఈ వివరం వేరేగా తగులుతుంది. ధాన్యంతో పాటు చంద్రుడి నీళ్లూ పోతున్నాయి, కొన్నేళ్లలో ఆకలి అల్లర్లు తప్పవు. అందుకే తిరుగుబాటు. తిరుగుబాటుదారుల చేతిలో ఆయుధాలు లేవు, ఆ పట్టా ఉంది. గోధుమలకు బదులు రాళ్లు ఎక్కించారు.

ఈ ఊహ బలమంతా శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న దానిలో ఉంది. చంద్రుడి పట్టు వదిలించుకోవడానికి సెకనుకు 2.4 కిలోమీటర్ల వేగం చాలు. ఒక టన్ను రాయికి ఆ వేగం ఇవ్వాలంటే, నష్టాలు పక్కన పెడితే, సుమారు 800 యూనిట్ల కరెంటు కావాలి. అక్కడి నుంచి మిగతా పని భూమి గురుత్వం చూసుకుంటుంది. రాయి ఇక్కడికి చేరేసరికి వేగం సెకనుకు 11 కిలోమీటర్లు. అంటే మనం పెట్టిన శక్తికి ఇరవై రెట్లు. టన్ను రాయి పద్నాలుగు టన్నుల టీఎన్‌టీతో సమానం. వెయ్యి టన్నులు విసిరితే హిరోషిమా బాంబుకు కాస్త అటూఇటూగా తూగుతుంది. దానికి కావలసిన కరెంటు వెయ్యి మెగావాట్ల కేంద్రం గంటలోపే ఇస్తుంది. లూకస్ గోళం శక్తినంతా తన కడుపులో మోసుకు తిరగాలి. హైన్‌లైన్ రాయి దెబ్బ తినబోయే గ్రహం దగ్గరే అప్పు తీసుకుంటుంది.

పట్టా కూడా గాలిమేడ కాదు. ఆర్థర్ సి. క్లార్క్ 1950లోనే చంద్రుడి మీద విద్యుదయస్కాంత ప్రయోగం గురించి శాస్త్రీయ వ్యాసం రాశాడు. జెరార్డ్ ఓనీల్, హెన్రీ కోల్మ్ 1976-77లో ఎంఐటీలో ‘మాస్ డ్రైవర్ 1’ అనే నమూనా కట్టి చూపించారు. థియేటర్లలో డెత్ స్టార్ పేలుతున్న రోజుల్లోనే దాని అసలు ప్రత్యర్థి ఒక ప్రయోగశాలలో నడిచిందన్నమాట.

అలాగని హైన్‌లైన్‌కు నూటికి నూరు వేయలేం. చంద్రుడి నుంచి భూమికి మూడు రోజుల దారి. బయలుదేరే వేగంలో సెకనుకు ఒక మీటరు తేడా వచ్చినా దెబ్బ వందల కిలోమీటర్ల దూరంలో పడుతుంది. ఆ మూడు రోజులూ టెలిస్కోపులకు రాయి కనిపిస్తూనే ఉంటుంది. వాతావరణం ఇంకో గోడ. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీదకు వచ్చిన ఉల్క ఇరవై మీటర్ల రాయి, బరువు పది వేల టన్నుల పైమాటే. అంతదీ 30 కిలోమీటర్ల ఎత్తులోనే పగిలిపోయింది. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువమందికి గుచ్చుకున్నవి కిటికీ అద్దాలు. వంద టన్నుల మామూలు రాయి నేల దాకా వేగం నిలుపుకుని రావడం కల్ల. హైన్‌లైన్‌కు ఇది తెలుసు, అందుకే తన రాళ్లకు ఇనుప తొడుగులు వేశాడు.

గురి విషయంలో మాత్రం ఆయన దొడ్డిదారి పట్టాడు. ప్రాణం పోసుకున్న కంప్యూటర్ మైక్ గురి చూస్తుంది, ఫోన్లలో గొంతులు మారుస్తుంది, నకిలీ నాయకుడిని పుట్టిస్తుంది, విప్లవాన్ని నడుపుతుంది. నవలలో నమ్మలేనిది రాళ్లు కాదు, మైక్. కథ చివర మైక్ మూగబోతే పాఠకుడికి దుఃఖం కలుగుతుంది, నిజమే. కానీ ఒక తిరుగుబాటులో ఉండే కమిటీల తగువులు, పొరపాట్లు, అనుమానాలు అన్నిటినీ ఆ యంత్రమే మింగేసింది. ఈ ఒక్క చోట లూకస్ మెరుగు. ఆయన సామ్రాజ్యంలో సేనానులు బల్ల చుట్టూ కూర్చుని ఒకరినొకరు ఎద్దేవా చేసుకుంటారు. అంత పెద్ద కట్టడంలో ఒక చిన్న గొట్టమే దాని ప్రాణం తీయగలదన్న సంగతి ఎవరికీ పట్టదు. భారీ ప్రాజెక్టులు ఎలా చెడతాయో తెలిసినవాడు రాసిన సన్నివేశాలవి.

ప్రదర్శన విషయంలోనూ రెంటినీ పక్కపక్కన చదవాలి. టార్కిన్ జనమున్న గ్రహాన్ని హెచ్చరిక లేకుండా పేలుస్తాడు, మిగతావాళ్లు భయపడి లొంగుతారని. చంద్రుడి జనం ఏ రాయి ఎప్పుడు ఎక్కడ పడుతుందో ముందే చాటుతారు, మనుషులు లేని చోట్లు ఎంచుతారు. అయినా జనం వేడుక చూడటానికి పిక్నిక్ బుట్టలతో వచ్చి చస్తారు, పాపం విసిరినవాళ్ల నెత్తిన పడుతుంది. అంతరిక్ష ఆయుధం గురించి నేను చదివిన కల్పనల్లో ఇంత చేదు నిజం పలికిన ఘట్టం మరొకటి లేదు.

నిజ ప్రపంచం మాత్రం బ్రహ్మాస్త్రం వైపే మొగ్గింది. 1983 మార్చి 23న అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించిన క్షిపణి రక్షణ పథకానికి వెటకారంగా అంటుకున్న పేరు స్టార్ వార్సే. అందులో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ వెనకేసుకొచ్చిన ఎక్స్‌రే లేజర్‌కు ఇంధనం అణుబాంబు. అంటే పేలిన క్షణమే ఆయుధమూ బూడిద, వేడి లెక్క అక్కడా వదల్లేదు. సోవియట్లు 1987 మే 15న ఎనర్జియా రాకెట్ మీద 80 టన్నుల ‘పోల్యుస్’ను పంపారు. అది లేజర్ వేదికకు నమూనా మాత్రమే. సగం తిరగవలసింది పూర్తి చుట్టు తిరిగి, ఇంజన్ తప్పు దిశలో మండి, పసిఫిక్‌లో పడింది. విచిత్రమేమిటంటే చవకైన వడిసెలను ఊహించిన హైన్‌లైన్ రీగన్ పథకానికి గట్టి మద్దతుదారు. దాన్ని విమర్శించాడని 1984లో తోటి రచయిత లారీ నివెన్ ఇంట్లో క్లార్క్ మీద మండిపడ్డాడు. రచయిత కన్నా ఆయన నవలకు ఎక్కువ తెలుసు.

పేలుడు మందు లేకుండా కేవలం వేగంతో కొట్టడం మనకూ కొత్త కాదు. 2019 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన మైక్రోశాట్-ఆర్‌ను మార్చి 27న మిషన్ శక్తిలో డీఆర్‌డీవో క్షిపణి ఢీకొట్టి ముక్కలు చేసింది.

1967 అంతరిక్ష ఒప్పందం కక్ష్యలో అణ్వాయుధాలను, ఇతర సామూహిక విధ్వంసక ఆయుధాలను, చంద్రుడి మీద సైనిక స్థావరాలను, ఆయుధ పరీక్షలను నిషేధించింది. డెత్ స్టార్ కట్టబోతే ఆ ఒప్పందం కింద పట్టుకోవచ్చు. ఖనిజం పంపడానికి వేసిన పట్టాను ఏ నిబంధన కింద పట్టుకోవాలి? గ్రహశకలాన్ని భూమి నుంచి తప్పించగల నైపుణ్యమే దాన్ని భూమి మీదకు తెప్పించగలదని కార్ల్ సేగన్, స్టీవెన్ ఆస్ట్రో 1994లో ‘నేచర్’ పత్రికలో హెచ్చరించారు. 2022 సెప్టెంబర్ 26న నాసా డార్ట్ నౌక సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో డైమార్ఫోస్ అనే చిన్న గ్రహశకలాన్ని ఢీకొంది. దాని కక్ష్యా కాలం 73 సెకన్లు మారితే చాలు, విజయమే అని ముందుగా గీత గీసుకున్నారు. మారింది 32 నిమిషాలు.