మసకలోంచి వచ్చే పదును

జేపెగ్ ఫొటోకు కెమెరాయే పదును పెట్టి ఇస్తుంది. రా ఫైలుకు ఆ పని మన చేతికి వదిలేస్తుంది. అందుకే రా మొదట కాస్త మెత్తగా కనిపిస్తుంది. చాలా కెమెరాల సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ మీద ఒక్క రంగు ఫిల్టరే ఉంటుంది: మొత్తంలో సగం ఆకుపచ్చవి, పావు ఎరుపు, పావు నీలం. కొడాక్‌లో బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంట్ వచ్చింది. ప్రతి పిక్సెల్‌కూ మిగతా రెండు రంగులను ఇరుగుపొరుగును చూసి లెక్కగట్టాలి. ఆ లెక్కలో అంచులు కొంత కరుగుతాయి.

వాటిని తిరిగి నిలబెట్టే ఉపాయం డార్క్‌రూమ్ నాటిది. నెగటివ్ నుంచి కావాలనే మసకగా ఒక పాజిటివ్ తీసి, రెంటినీ జతపరిచి ప్రింటు వేసేవారు. అన్‌షార్ప్ మాస్క్ అన్న పేరు ఆ మసక ప్రతిదే. సాఫ్ట్‌వేర్ దాన్నే అంకెల్లో చేస్తుంది. ఒక అంచుకు ఇటు వెలుగు 100, అటు 150 అనుకుందాం. మసక ప్రతిలో అంచు పక్కన అవి 115, 135 అవుతాయి. అసలులోంచి మసకను తీసేస్తే ఇటు 15 తక్కువ, అటు 15 ఎక్కువ తేలుతుంది. ఆ తేడాను అసలుకు కలిపితే 85, 165. 50 ఉన్న అంతరం 80 అయింది. అంచుకు దూరంగా రెండు ప్రతులూ ఒకటే కనుక తేడా సున్నా. అక్కడ ఏదీ కదలదు. అంచు ఎక్కడుందో తీసివేతే కనిపెడుతుంది. కత్తికి సాన పట్టినట్టే, ఇక్కడా తీసేస్తేనే పదును.

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో ఈ పనికి నాలుగు స్లైడర్లు. తేడాను ఎంత కలపాలో అమౌంట్ చెబుతుంది. అంచుకు ఇరువైపులా ఎంత వెడల్పున కలపాలో రేడియస్ చెబుతుంది, అది 0.5 నుంచి 3 వరకు జరుగుతుంది. సన్నని నేత ఎంత పైకి తేలాలో డీటెయిల్ చూస్తుంది. ఎక్కడ ముట్టుకోకూడదో మాస్కింగ్ చూస్తుంది.

తీగ మీద వాలిన పాలపిట్ట ఫొటోను 100 శాతం సైజులో తెరవండి. మెడ మీది ఈకల గీతలు సన్ననివి, వాటికి చిన్న రేడియస్ చాలు. పెంచితే ముక్కు చుట్టూ తెల్లని అంచు మొలుస్తుంది. ఆకాశంలోని నాయిస్ చుక్కలు కూడా లెక్కకు అంచులే, వాటికీ పదునెక్కుతుంది. అప్పుడు ఆల్ట్ కీ నొక్కి పట్టి మాస్కింగ్ జరపాలి. తెర నలుపు తెలుపుల్లోకి మారుతుంది: తెల్లగా ఉన్నచోట పదును పడుతుంది, నల్లనిచోట పడదు. ముందు ఆకాశం నల్లబడుతుంది, తర్వాత రెక్క మీది నున్నని నీలం. కన్ను, ముక్కు, ఈకల అంచులు తెల్లగా మిగిలిన చోట చెయ్యి ఆపాలి.

ఆల్ట్ వదలగానే పిట్ట మళ్లీ రంగుల్లోకి వస్తుంది. మెడ మీది గీతలు విడివిడిగా లెక్కకు అందుతాయి. వెనక ఆకాశం తీసినప్పటిలాగే నున్నగా ఉంటుంది.