బంతి రాకముందే చూసినవాడు

ఫుట్‌బాల్ మైదానంలో మధ్యభాగమంత ఇరుకైన చోటు ఇంకోటి లేదు. అంచున పరిగెత్తేవాడికి ఒక పక్కన గీత కాపలా ఉంటుంది, అటునుంచి ఎవరూ మీద పడరు. వెనక ఆడే డిఫెండరుకు ఆటంతా కళ్ళెదుటే జరుగుతుంది. మిడ్‌ఫీల్డరుకు ఈ వెసులుబాట్లేవీ లేవు. బంతి ఒక దిక్కు నుంచి వస్తుంది, దాన్ని లాక్కునే మనిషి మరో దిక్కు నుంచి వస్తాడు, చాలాసార్లు వీపు వెనక నుంచే వస్తాడు. అలాంటి చోట అయిదడుగుల ఆరంగుళాల ఎత్తు, సన్నటి ఒళ్ళు ఉన్న ఒక కుర్రాడు 1993లో ఫ్రాన్స్ మొదటి డివిజన్‌లో అడుగుపెట్టి నిలదొక్కుకున్నాడు. పేరు వికాష్ ధోరసూ. మారిషస్ నుంచి ఫ్రాన్స్ చేరిన, తెలుగు మూలాలున్న కుటుంబంలో పుట్టినవాడు.

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటలు ఫోన్లో చూసే పిల్లలు ఇప్పుడు మా గూడెం కొత్తవీధి కొండల్లోనూ ఉన్నారు. సిగ్నల్ అందే చోట గుంపుగా చేరి చూస్తారు. వాళ్ళ నోట ఆడే పేర్లన్నీ గోల్ కొట్టేవాళ్ళవే. గోల్‌కు ముందు మూడో పాసో నాలుగో పాసో ఇచ్చినవాడు ఎవరికీ గుర్తుండడు. ధోరసూ ఆ మూడో పాస్ మనిషి. ఫ్రాన్స్ జట్టుకు 18 మ్యాచ్‌లాడి కొట్టింది ఒకే ఒక్క గోల్. ఆ అంకె చూసి పక్కన పెట్టేస్తే అతని పనితనం మనకు అందదు.

వంశం కథ ముందు చెప్పాలి, క్లుప్తంగానే. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల దాకా దాదాపు అయిదు లక్షల మంది భారతీయులు చెరకు తోటల పనికి ఒప్పందం మీద మారిషస్ వెళ్ళారు. మొదట ఓడ ఎక్కినవాళ్ళలో ఛోటా నాగపూర్ కొండల ఆదివాసులు ఉన్నారు. ఆ వెనకే మన తీరం నుంచి, కోరంగి రేవు మీదుగా తెలుగువాళ్ళు వెళ్ళారు. వాళ్ళ వారసులు 1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాది ఈనాటికీ ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. అక్కడి నుంచి మళ్ళీ ఫ్రాన్స్‌కు వలస వెళ్ళిన ఓ ఇంట్లో, 1973 అక్టోబరు 10న, ఆర్ఫ్లర్ అనే చిన్న ఊళ్ళో వికాష్ పుట్టాడు. పక్కనే లె హావ్ర్ రేవు పట్నం. ఆ పట్నం అంచున కొక్రియోవిల్ అనే కార్మికుల పేటలో, అపార్ట్‌మెంట్ల మధ్య పెరిగాడు.

లె హావ్ర్ సామాన్యమైన చోటు కాదు. సముద్రానికి ఇటు అది, అటు ఇంగ్లండ్. అక్కడి రేవులో పనులు చూసుకుంటూ స్థిరపడిన ఇంగ్లీషువాళ్ళు 1872లో పెట్టిందే లె హావ్ర్ క్లబ్, ఫ్రాన్స్‌లో అన్నిటికంటే పాతది. వాళ్ళలో ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాళ్ళు, కేంబ్రిడ్జ్‌లో చదివినవాళ్ళు ఉండటంతో రెండు విశ్వవిద్యాలయాల రంగులూ కలిపి లేత నీలం, ముదురు నీలం చొక్కాలు పెట్టుకున్నారు. ఇంగ్లండ్ నుంచి సముద్రం దాటి వచ్చిన ఆటను ఆ పట్నం నూరేళ్ళు దాటాక ఇంగ్లండ్‌కే తిరిగి పంపడం మొదలుపెట్టింది. పాల్ పోగ్బా 2009లో పదహారేళ్ళ వయసులో ఈ క్లబ్ నుంచే మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్ళాడు. రియాద్ మహ్రెజ్ 2014 జనవరిలో ఇక్కడి నుంచే లెస్టర్ చేరాడు, రెండేళ్ళు తిరిగేసరికి ప్రీమియర్ లీగ్ ఛాంపియన్ జట్టులో ఉన్నాడు. పిల్లల్ని చేర్చుకుని, చదువు చెప్పిస్తూ ఆట నేర్పే శిక్షణ కేంద్రాలు ఫ్రాన్స్ ప్రొఫెషనల్ క్లబ్‌లలో చాలావాటికి ఉంటాయి. లె హావ్ర్ కేంద్రం వాటిలో పేరున్నది. వికాష్ అక్కడ తయారైన మనిషి.

1993 నుంచి 1998 దాకా అతను ఆడింది అక్కడే. ఆ క్లబ్ 1991లో మొదటి డివిజన్‌కు ఎక్కింది, 2000లో మళ్ళీ దిగిపోయింది. మధ్యలోని తొమ్మిదేళ్ళలో ఎక్కువ కాలం జారిపోకుండా పట్టుకు వేలాడటమే దాని పని. ఆ సంగతిని నేను ముఖ్యంగా పట్టించుకుంటాను. పెద్ద జట్టులో మిడ్‌ఫీల్డరుకు ఆట సగం ముందే సిద్ధంగా ఉంటుంది, బంతి ఎక్కువసేపు తమ వాళ్ళ దగ్గరే తిరుగుతుంది. చిన్న జట్టులో బంతి అరుదుగా దొరుకుతుంది. దొరికినప్పుడు పోగొడితే ఎదురుదాడి మీద పడుతుంది. అయిదేళ్ళ పాటు ప్రతి వారం అలా ఆడినవాడికి బంతి విలువ ఒంటబడుతుంది. ధోరసూ ఆటలో కనిపించే ఆ జాగ్రత్త, ఊరికే బంతి పారేయకపోవడం, లె హావ్ర్ ఇచ్చిందేనని నా నమ్మకం.

ఇక పనితనం. మొదట చూపు గురించి చెప్పాలి. మంచి మిడ్‌ఫీల్డరు బంతి తన వైపు బయల్దేరకముందే భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, మళ్ళీ బంతి వైపు తిరుగుతాడు, ఇంకో భుజం మీదుగా మళ్ళీ చూస్తాడు. నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ళను ఒక్కొక్కరినీ విడిగా చూపే వీడియోల్లో ఈ తల తిప్పడాలనే లెక్కపెట్టాడు. బంతి అందుకునే ముందు ఎక్కువసార్లు చుట్టూ చూసేవాళ్ళ పాస్‌లే ఎక్కువగా చేరవలసిన చోటికి చేరుతున్నాయని తేల్చాడు. ఆ వరసలో ముందున్నవాడు చెల్సీ ఫ్రాంక్ లాంపార్డ్. మా కొండల్లో కాఫీ పండ్లు ఏరే ఆడవాళ్ళ చేతుల్ని గమనిస్తే ఇది అర్థమవుతుంది: వేళ్ళు ఒక కణుపు దగ్గర ఎర్రపండు తుంచుతుంటే కళ్ళు అప్పటికే పై కణుపులో ఏది పండింది, ఏది పచ్చిదని చూసేసి ఉంటాయి. చెయ్యి అక్కడికి వెళ్ళాక వెతకదు. ధోరసూ కాలూ అంతే. బంతి తగిలాక ఆలోచించడం అతనిలో కనిపించదు.

రెండోది, నిలబడే తీరు. తర్వాత ఆడిన లియాన్, పారిస్ క్లబ్‌ల రోజుల ఆట రికార్డింగుల్లో అతని పాదాల మీద దృష్టి పెడితే ఇది తేటగా కనిపిస్తుంది. బంతి పంపేవాడికి పూర్తిగా ఎదురు తిరిగి నిలబడడు. ఒళ్ళు సగం పక్కకు తిప్పి, ఒక భుజం ప్రత్యర్థి గోల్ వైపు తెరిచి ఉంచుతాడు. అలా నిలబడితే బంతి ఆపడమూ ముందుకు తిరగడమూ ఒకే కదలికలో అయిపోతాయి. ఎదురుగా నిలబడ్డవాడు బంతి ఆపాలి, తిరగాలి, తల ఎత్తాలి. ఆ మూడు పనుల మధ్య ఎదుటివాడి కాలు వచ్చి పడుతుంది. పొట్టివాడికి ఈ తిరగడం ఇంకా సులువు. బరువు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, మీద పడబోయేవాడు ఒక వైపు ఒరిగిన క్షణంలో తను రెండో వైపు జారిపోగలడు. అతని డ్రిబ్లింగ్‌లో ఆర్భాటం తక్కువ. బంతిని పాదం నుంచి జానెడు దూరం కూడా పోనివ్వకుండా రెండు చిన్న అడుగులు, ఒక మలుపు, వెంటనే పాస్.

ఆ పాస్ కూడా చాలాసార్లు చిన్నదే. అయిదు గజాలు, ఏడు గజాలు. చూసేవాళ్ళకు దానిలో గొప్పేమిటో అంతుపట్టదు. ఆ చిన్న పాస్ ఇచ్చి తను ఆగిపోడు, కొత్త చోటికి కదిలి మళ్ళీ అందుకుంటాడు. అతన్ని పట్టుకుని ఉండాల్సిన ప్రత్యర్థికి ఒక ఇబ్బంది వస్తుంది: వెంటపడితే వెనక ఖాళీ ఏర్పడుతుంది, వదిలేస్తే ధోరసూ తీరిగ్గా తల ఎత్తుతాడు. మధ్యలో అతను తెరిచిన ఆ ఖాళీలోకి వేరేవాడు పరిగెత్తుతాడు, గోల్ వాడి పేరు మీద రాస్తారు.

ఈ తరహా ఆట మనకు పరాయిదేమీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం నమ్ముకున్నది ఇదే. బంతిని దగ్గర పెట్టుకోవద్దు, అందుకుని పంపు, పంపి కదులు. డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో ఆయన పోటీలు పెట్టించాడు. వాటం లేని కాలితోనే ఆడాలనే నియమంతో ఇంకొన్ని పెట్టించాడు. ఆ పాఠాలతోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఏషియాడ్ బంగారం తెచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ జట్లలో ఆడినవాడే.

లె హావ్ర్‌లో ఉన్న రోజుల్లోనే వికాష్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ఫ్రాన్స్ జట్టుతో వెళ్ళాడు. కోచ్ రేమోన్ డొమెనెక్. క్లోడ్ మకెలెలె, సిల్వాన్ విల్టోర్డ్ అదే జట్టులో ఉన్నారు. క్వార్టర్ ఫైనల్లో పోర్చుగల్ చేతిలో ఓడారు. మకెలెలె కూడా పొట్టివాడే. తర్వాత చెల్సీ చేరి, డిఫెన్స్ ముందు కాపు కాసే మిడ్‌ఫీల్డరు పనికి ఇంగ్లండ్‌లో తన పేరే వాడుకలోకి వచ్చేంతగా ఆడాడు. కానీ 1990ల చివర ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డ్‌కు కావలసిన కొలత వేరు. 1998 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో పాట్రిక్ వియెరా, ఇమాన్యుయెల్ పెటీ ఇద్దరూ అదే ఏడాది ఆర్సెనల్‌కు లీగూ కప్పూ గెలిపించి వచ్చినవాళ్ళు. వియెరా ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. ఆ పొడవాటి మనుషుల పక్కన, జిదాన్ అనే మహా పనిమంతుడి వెనక చోటు దొరకడం కష్టం. 1999లో జాతీయ జట్టు చొక్కా తొడిగినా, తిరిగి పిలుపు నిలకడగా రావడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. పిలిచింది మళ్ళీ డొమెనెకే.

1998లో లియాన్‌కు వెళ్ళాడు. అక్కడి మొదటి ఏళ్ళు ఎత్తుపల్లాలు. 2001లో బోర్డోకు అప్పుగా పంపారు, అక్కడ 2002 లీగ్ కప్ గెలిచాడు. తిరిగొచ్చాక పాల్ లె గ్వెన్ కోచింగ్‌లో అతని ఆట పూర్తిగా విచ్చుకుంది. జూనిన్యో ఫ్రీకిక్‌లు కొడతాడు, మహమదూ దియారా, 2003లో వచ్చిన మైకేల్ ఎస్సియెన్ బంతి లాక్కుంటారు, లాక్కున్న బంతిని దారిలో పెట్టేది ధోరసూ. 2003, 2004 లీగ్ టైటిళ్ళు ఆ జట్టువి. ఎస్సియెన్ అక్కడి నుంచి చెల్సీకి వెళ్ళాడు. ధోరసూ 2004లో ఎసి మిలాన్ వెళ్ళాడు. పిర్లో, సీడోర్ఫ్, కాకా ఉన్న మిడ్‌ఫీల్డ్‌లో అతనికి దొరికిన ఆట తక్కువ. 2005 మే నెలలో ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్ మూడు గోల్స్ వెనకబాటు నుంచి లేచి ఛాంపియన్స్ లీగ్ ఎగరేసుకుపోయిన రాత్రి అతను మిలాన్ బెంచ్ మీద ఉన్నాడు.

ఆ తర్వాత పారిస్. 2006 ఫ్రెంచ్ కప్ ఫైనల్లో మార్సెయ్ మీద రెండో సగం మొదట్లో దూరం నుంచి కొట్టిన గోల్ పారిస్ జట్టుకు కప్ తెచ్చింది. జీవితమంతా పక్కవాడికి పంపినవాడు ఆసారి తనే కొట్టాడు. ఎందుకు కొట్టాడన్నదే నాకు ముఖ్యం: ముందు ఖాళీ ఉంది, ఎవరూ మీదికి రాలేదు, పాస్ కంటే షాట్ మేలని అప్పటికే చూసుకున్నాడు. అదే కన్ను, వేరే నిర్ణయం.

అదే వేసవి జర్మనీ ప్రపంచ కప్‌లో రెండు మ్యాచ్‌ల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. మిగతా రోజులన్నీ బెంచ్ మీదే. ఫ్రెడ్ పూలే అనే దర్శకుడు ఇచ్చిన చిన్న సూపర్-8 కెమెరాతో హోటల్ గదులనీ, ఎదురుచూపులనీ తనే చిత్రీకరించాడు. ‘సబ్‌స్టిట్యూట్’ అనే సినిమా అలా వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో పారిస్ క్లబ్‌తో గొడవ ముదిరి ఉద్యోగం పోయింది. ఇటలీలో లివోర్నో చేరాడు గానీ ఆట సాగలేదు, 2008లో విరమించాడు. ఆ చివరి రెండేళ్ళ తగాదాల వల్లే చాలామందికి అతను గుర్తున్నాడు. లె హావ్ర్‌లో గడిపిన అయిదేళ్ళను ఎవరూ తలవకపోవడం నాకు బాధ కలిగిస్తుంది, అతని పనంతా అక్కడే తయారైంది కనక.

మా వైపు ఆశ్రమ పాఠశాలల మైదానాల్లో చాలా వాటికి కొద్దో గొప్పో వాలు ఉంటుంది. వానాకాలంలో ఎర్రమట్టి జారుతుంది, బంతి ఆగమన్నచోట ఆగదు. పిల్లల్లో చాలామంది సన్నగా, పొట్టిగా ఉంటారు, ఫుట్‌బాల్ మన ఒంటికి సరిపోదని వాళ్ళకు వాళ్ళే అనేసుకుంటారు. పీఈటీ మాస్టార్లకు నేను చెప్పదలచింది ఇంతే. ఒక ఆదివారం రహీం గారి నియమంతో ఆట పెట్టండి, డ్రిబ్లింగ్ వద్దు, వాటం లేని కాలితోనే పాస్. మీరు మాత్రం గోల్ వైపు చూడకండి. బంతి తన దగ్గరికి రాకముందు ఏ పిల్లాడు, ఏ పిల్ల వెనక్కి తల తిప్పి చూస్తున్నారో చూడండి. వాళ్ళను రేపటి నుంచి మధ్యలో ఆడించండి.