పాట్రిషో దేవాలయము: మిగిలిన తెర చెప్పు సాక్ష్యము

వేల్స్ దేశమందలి పోవిస్ కొండలలోనున్న పాట్రిషో చిన్న దేవాలయములో, సుమారు 1500లో చెక్కబడిన ఓక్ కలప తెర నేటికిని నిలిచియున్నది. అది యాజకుని, సంఘమును వేరుచేసెనన్న విమర్శ న్యాయమైనదే. అయినను తెరకు ఇవతల, సంఘము నిలుచు వైపుననే రెండు రాతి బలిపీఠములున్నవని మరువరాదు.

బలిపీఠములను తొలగించవలెనని 1550లో రాజాజ్ఞ వెలువడెను. మారుమూల గ్రామము గనుకనే ఇవి తప్పించుకొనెనను వాదముతో మేము పూర్తిగా ఏకీభవింపము. రాజచిహ్నమును, పది ఆజ్ఞలును అదే దేవాలయపు గోడలపై చిత్రింపబడినవి; అనగా సంస్కరణ అక్కడికిని చేరినది. తెరపైనుండిన సిలువ ప్రతిమ పోయినది, తెర మిగిలినది.

సంస్కరణ యనగా కూల్చుట మాత్రమే కాదు, వివేచించుట. పాత మందిరములను పడగొట్టుటకు తీర్మానించు సంఘములు ముందుగా ఈ భేదమును గ్రహించవలెను.