వల విప్పే వేళ

కోరుకొండ నరసింహస్వామి కొండ మెట్టలో ఉంది. కడియం నర్సరీలు డెల్టా మొదట్లో ఉన్నాయి. నడుమ రాజమండ్రి. ఫాల్గుణంలో కోరుకొండ తీర్థానికి వచ్చినవాళ్లకు మెట్ల మీద రాయి చురుక్కుమనడం మొదలైందంటే, కడియం వైపు కడియపులంక, బుర్రిలంక, వేమగిరి రైతులు మొక్కలకు నీడ పట్టే వలల చిరుగులు కుట్టుకుని, తాళ్లు బిగించుకోవాల్సిన రోజులు వచ్చినట్టే.

వలలు రాకముందు నీడ పట్టే పని కొబ్బరి మట్టల పందిరి చేసేది. తమలపాకు తోటల్లో అవిశ చెట్లు ఇప్పటికీ చేస్తున్నాయి: తీగకు ఊతమూ అవే, గొడుగూ అవే.

ఇప్పుడు నీడ వల, అంటే షేడ్‌నెట్, కొలతల మీద దొరుకుతుంది. 50 శాతం వల అంటే వెలుతురులో సగాన్ని పైనే ఆపేది. 75 శాతం వల కింద నాలుగో వంతే దిగుతుంది. ఆంథూరియానికి నీడ కావాలి. గులాబీకి, కాగితం పూల మొక్కకు నీడ ఎక్కువైతే కొమ్మలు సాగుతాయి, పూలు తగ్గుతాయి. అందుకే దుకాణంలో చవగ్గా వచ్చిందని ఒకే వల తెచ్చి మడి మొత్తానికి కప్పడం మొక్కకు అన్యాయం. వల కొనే ముందు ఏ మొక్కకు ఎంత ఎండ కావాలో తెలియాలి. ఆ లెక్క తెలిసిన చేతులు కడియంలో తరాలుగా ఉన్నాయి.

ఎండ ఒక్కటే కాదు, ఆకాశం మరో రకంగానూ దెబ్బ తీస్తుంది. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మహారాష్ట్రలో కురిసిన వడగళ్లకు కోతకొచ్చిన ద్రాక్ష నేలపాలైంది. గుత్తులు రాలడంతో పోలేదు, తీగల బెరడు కూడా చిట్లింది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి పందిళ్లు పెంచినవాళ్లకు తెలుసు, పండుకు ఎండ తగలకుండా ఆకే కాస్తుంది గానీ వడగళ్లకు ఆకు ఆగదు. వడగళ్లను ఆపడానికీ వల కట్టొచ్చు, కానీ ఫ్రాన్స్‌లోని బర్గండీలో ఆ వల నీడకు ద్రాక్ష స్వభావం మారుతుందేమోనని ఏళ్లపాటు తర్జనభర్జన పడ్డారు. ప్రయోగాలు చేసి చూశాక, 2018లో గానీ వడగళ్ల వలలకు అనుమతి రాలేదు. ఆ జాగ్రత్త సబబే. కాపాడే వల పంటను మార్చకూడదు కదా.

గోదావరి జిల్లాల్లో వలకు అసలు పరీక్ష గాలి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరిని కూల్చిన తుపాను ఇక్కడివాళ్లకు ఇంకా గుర్తే. పెనుగాలిలో బిగించిన వల తెరచాపవుతుంది. గాలిని పట్టుకుని, పైపులను పీకి, కింద మొక్కల మీదే పడేస్తుంది. తుపాను హెచ్చరిక వినగానే ముడులు విప్పి, వలను చుట్టి, దూలానికి కట్టేయడం మేలు. ముడి కూడా ఒక్క లాగుకు ఊడేలా ఉండాలి. కత్తి వెతుక్కునే వ్యవధి ఆ రాత్రి ఉండదు. కట్టడం అందరూ నేర్చుకుంటారు, విప్పాల్సిన వేళ పట్టుకోవడమే పనితనం.

మొక్క అమ్మకానికి వెళ్లే ముందూ ఇదే తెలివి కావాలి. నీడలో పెరిగిన ఆకు లేతది. దాన్ని రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో ఒక్కసారిగా పెడితే, ఆకు మీద మొదట తెల్లటి మచ్చ లేస్తుంది, తర్వాత అది గోధుమ రంగుకు తిరిగి పెళుసుగా విరుగుతుంది. మొక్క చెడ్డదని తోటవాడిని తిట్టుకోవడం అప్పుడే మొదలవుతుంది.

కడియం నుంచి మొక్క ఇంటికి తెచ్చుకున్నవారు పది రోజులు దాన్ని అరుగు నీడన ఉంచండి. ఉదయపు ఎండ రోజుకు కాస్త చొప్పున చూపించి, ఆ తర్వాతే గుంత తీయండి.