మైకు సెట్టులో విన్న గతం: తెలుగు గ్రామఫోన్ రికార్డుల జ్ఞాపకం – ఒక విమర్శ

కీలకపదాలు: గ్రామఫోన్ రికార్డు, లాంగ్‌ప్లే, గతకాలపు బెంగ, సేకరణ, మైకు సెట్టు, సంభాషణల రికార్డు, ఉత్తరాంధ్ర.

ఉపోద్ఘాతం:

1960ల చివరినాటి రాక్ సంగీతాన్ని తలచుకొనేవారి మాటల్లో పాటకన్నా ఆల్బమ్‌కే పెద్దపీట. బీటిల్స్ బృందం 1967లో వెలువరించిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ వంటి రికార్డులతో ఆల్బమ్ అంటే కొన్ని పాటల మూట కాదనీ, అట్టమీది బొమ్మతో సహా ఆద్యంతం వినవలసిన కృతి అనీ ఒక భావన స్థిరపడింది. వినైల్ రికార్డులను ఇవాళ వెతికి కొనేవారి అభిరుచికి ఈ భావనే పునాది. తెలుగు పాత రికార్డుల సేకరణను కూడా ఇదే చట్రంలో చూడడం పరిపాటి అవుతున్నది. ఆ చట్రం తెలుగువారి శ్రవణానుభవానికి ఎంతవరకు సరిపోతుందో విశాఖపట్నానికి నైరుతి దిక్కున ఉన్న అచ్యుతాపురం ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు నిమిషాల కొలత:

నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. రంగస్థలం మీద ఒన్స్‌మోర్లతో సాగే పద్యం ఈ కొలతకు కుదించుకోవలసి వచ్చింది. కచేరీలో విస్తరించే రాగమూ అంతే. విశాఖలో పెరిగి, విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షత వహించిన ద్వారం వేంకటస్వామినాయుడు వయొలిన్ వాదనను రికార్డుల ద్వారా మాత్రమే ఎరిగిన తరానికి దక్కినది ఈ సంక్షిప్త రూపమే. పాశ్చాత్య దేశాల్లో 1948లో లాంగ్‌ప్లే, 1949లో 45 చుట్ల చిన్న రికార్డు వచ్చి 78ని వెనక్కు నెట్టగా, భారతదేశంలో అది 1960లలోనూ నిలిచింది. కరెంటు లేని ఇళ్లలో తాళం తిప్పి ఆడించే యంత్రానికి అదే సరిపోయేది. దమ్‌దమ్ కర్మాగారంలో బీటిల్స్ పాటలను సైతం 78 మీద అచ్చువేశారు. ఇవాళ ప్రపంచ సేకర్తలు వాటికోసం పోటీపడుతున్నారు.

సినిమా రికార్డులది వేరే దారి. చిన్న రికార్డులోని మూడు నాలుగు పాటలు ఒక సంగీతకారుని ఏకసంకల్పంగా పుట్టినవి కావు. అవి కథలోని సన్నివేశాల నుంచి కోసి తెచ్చిన ముక్కలు. రాక్, ట్విస్ట్ లయలు సాధారణ తెలుగు శ్రోత చెవిని చేరడానికి ప్రధాన ద్వారం విదేశీ ఆల్బమ్ కాదు. ‘గూఢచారి 116’ (1966), ‘అవేకళ్లు’ (1967) వంటి నేరపరిశోధక చిత్రాల పాటలు ఆ పని చేశాయి. వాటిని తలచుకొన్నప్పుడు ముందుగా గుర్తుకు వచ్చేది నటీనటుల ముఖాలే గాని అట్టమీది బొమ్మ కాదు.

సొంతం కాని వస్తువు:

అచ్యుతాపురం ఇప్పుడు ప్రత్యేక ఆర్థిక మండలికీ మందుల పరిశ్రమలకూ పేరు. ఒకప్పుడు అది వ్యవసాయ గ్రామం. అలాంటి ఊళ్లలో గ్రామఫోన్ కొనగలిగినవారు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. రికార్డులు ఎక్కువగా మైకు సెట్టు అద్దెకిచ్చేవాని పెట్టెలో ఉండేవి. పెళ్లిళ్లు, అమ్మవారి సంబరాలు, అనకాపల్లి నూకాంబిక జాతర, డేరా సినిమా – ఇవే శ్రవణ స్థలాలు. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్తుతి వినిపిస్తే చాలు, జనం వడివడిగా టిక్కెట్ల దగ్గరకు నడిచేవారు. ఏ పాట తరువాత ఏ పాట రావాలో నిర్ణయించేది మైకువాడు. శ్రోతకు ఎంపిక లేదు, యాజమాన్యం అసలే లేదు. ‘రికార్డింగ్ డాన్సు’ అనే మాట ఈ చరిత్రకు మిగిలిన సాక్ష్యం. పళ్లేలు పోయి క్యాసెట్లు, ఫోన్లు వచ్చినా ఆ పేరు మారలేదు.

గతకాలపు బెంగను స్వెత్లానా బోయిమ్ రెండు విధాలుగా విభజించింది: పోయినదాన్ని తిరిగి నిలబెట్టాలనుకొనేది ఒకటి, పోవడాన్నే తలపోసేది మరొకటి. సేకర్త గదిలో ఖరీదైన యంత్రం మీద శుభ్రపరచిన రికార్డు తిరుగుతున్నప్పుడు జరిగేది మొదటిదనిపిస్తుంది. అయితే అక్కడ వినిపించే నిర్మలమైన ధ్వనిని ఆ ఊరి శ్రోత ఏనాడూ వినలేదు. అతడు విన్నది కొబ్బరిచెట్టుకు కట్టిన రేకు గొట్టంలోంచి, గాలివాటాన్ని బట్టి హెచ్చుతగ్గులయ్యే పాట. ఈ సందర్భంలో పునఃస్థాపన పేరిట జరుగుతున్నది కొత్త అనుభవ నిర్మాణమే. బోయిమ్ విభజన వస్తువు ఒకప్పుడు సొంతమైనవారికి పనికివచ్చినంతగా, దూరం నుంచి విన్నవారికి పనికిరాదు.

మాటల రికార్డు:

ఆద్యంతం విని తీరవలసిన రికార్డు తెలుగులో లేకపోలేదు. అది పాటల్లో కన్నా మాటల్లో ఎక్కువగా కనిపిస్తుంది. బాపు–రమణల ‘ముత్యాలముగ్గు’ (1975), కొండవీటి వెంకటకవి రచన చేసిన ‘దానవీరశూర కర్ణ’ (1977) సంభాషణలు లాంగ్‌ప్లే రికార్డులుగా వెలువడి ఊరూరా మైకుల్లో మారుమోగాయి. రావు గోపాలరావు విరుపును, సుయోధనుడుగా ఎన్.టి. రామారావు సమాసాల దొంతరను చదువురానివారు కూడా కంఠస్థం చేశారు. కళ్లెదుట తెర లేకుండానే నాటకం నడిచింది. దీని మూలాలను రాక్ ఆల్బమ్‌లో వెతకడం వ్యర్థం. అవి కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల పద్యాల రికార్డుల్లో ఉన్నాయి. మూడు నిమిషాల్లో ఇరుక్కుపోయిన పౌరాణిక నాటకానికి లాంగ్‌ప్లే ఎట్టకేలకు చోటిచ్చింది. ఘంటసాల మరణానంతరం 1974లో వెలువడిన భగవద్గీత రికార్డుకు లభించిన ఆదరణను కూడా ఈ పరంపరలోనే అర్థం చేసుకోవాలి. శ్లోకం, తాత్పర్యం, ఒకే గొంతు – అది పురాణ కాలక్షేపానికి దగ్గరి చుట్టం.

సేకరణ విలువలు:

అట్ట అందాన్నీ ముద్రణ స్థితినీ బట్టి వెలకట్టే అంతర్జాతీయ పద్ధతిని యథాతథంగా అనుసరిస్తే నష్టపోయేది ఈ పరంపరే. మైకు సెట్టు పెట్టెలోని రికార్డు వందల రాత్రులు ఆడి అరిగిపోయినది, అట్ట చిరిగినది, కొన్నిసార్లు అంచు విరిగినది. సేకర్త దృష్టిలో అది చెత్త. శ్రవణ చరిత్రకారునికి ఆ అరుగుదలే ఆధారం: ఏ వైపు ఎక్కువ అరిగిందో చూస్తే ఊరు ఏది మళ్లీ మళ్లీ వినిపించుకొన్నదో తెలుస్తుంది. 78 రికార్డులలోని బంధక ద్రవ్యం లక్క. అదే అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక బొమ్మలకు పూసే లక్క అని గుర్తుచేసుకొంటే, బొమ్మకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కగా పళ్లెం మాత్రం పాతసామాన్ల బండికెక్కడం కాస్త విచిత్రంగానే తోస్తుంది. తీరప్రాంతపు ఉక్కకు అట్టలు బూజుపడతాయి, వినైల్ ఎండకు వంకర తిరుగుతుంది. పాట డిజిటల్ రూపంలో దొరుకుతున్నది గదా అనే సమాధానం చాలదు. 2017లో సరిగమ సంస్థ తెచ్చిన కారవాన్ వంటి పరికరాలు అందించేది ప్రధానంగా ఏరి కూర్చిన సినిమా పాటలనే. పద్యాల రికార్డులకు ఆ ఏరివేతలో చోటు తక్కువ. విరిగిన రికార్డులో కూడా నడుమనున్న చీటీ, దాని అంచున గాడిలేని నల్లని పట్టీలో చెక్కిన సంఖ్య చాలావరకు చెక్కుచెదరవు. ఆ సంఖ్యను బట్టి రికార్డు కాలాన్ని అంచనా వేయవచ్చు.