ఆకాశం చూపించే పని

అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్లు, పంజగుట్ట అంటే ట్రాఫిక్. ఆ సందడికి కూతవేటు దూరంలో, బేగంపేటలో నిజామియా వేధశాల ఆవరణ ఉంది. నవాబు జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి 1901లో పునాది వేసిన సంస్థ అది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికొచ్చింది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ వేధశాల నుంచి శాస్త్రవేత్తలు పరిశీలించారు. అదే వేళ గ్రహణ భయంతో ఎన్నో ఇళ్లు తలుపులు బిగించుకున్నాయి.

ఆ తలుపులు తీయించడమే ఆకాశం చూపించేవారి విద్య.

దానికో లెక్కుంది. జనాన్ని పౌర్ణమికి పిలవరు, అర్ధచంద్రుడున్న రోజున పిలుస్తారు; వాలు వెలుగులో గోతుల నీడలు సాగి, చందమామ గరుకుతనం తెలుస్తుంది. కృత్తికను పిల్లలకోడి అని చెబితే అమ్మమ్మలూ మెడలెత్తుతారు. భూమి తిరుగుతుంటే శనిగ్రహం అద్దంలోంచి జారిపోతుంది. ఓపిగ్గా మళ్లీ పట్టి తెస్తారు. దాని వలయం చూసిన పిల్లాడు "స్టిక్కర్ అంటించారా?" అని అడిగితే నవ్వి, ఇంకోసారి చూడనిస్తారు.

ఈసారి ఎక్కడైనా టెలిస్కోపు పెట్టారని తెలిస్తే, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి వరుసలో నిలబడండి.